ఏప్రిల్ అద్దె పెంపు ఉత్తరం: కౌన్సిల్ ఇళ్లలో ఉన్నవారికి అర్థమయ్యేలా చెప్పడం ఎలా

ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఇళ్లలో, హౌసింగ్ అసోసియేషన్ (తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే సంస్థ) ఇళ్లలో ఉండేవారికి ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక ఉత్తరం వస్తుంది. అద్దె ఇంత శాతం పెరుగుతోంది, ఫలానా సోమవారం నుంచి అమలు అని అందులో ఉంటుంది. అదే రోజుల్లో కౌన్సిల్ టాక్స్ బిల్లు కూడా వస్తుంది కాబట్టి రెండూ ఒకటే అనుకుని పక్కన పెట్టేసేవారు చాలామంది. మే నెలలో బకాయి ఉందంటూ ఇంకో ఉత్తరం వచ్చాక కంగారు మొదలవుతుంది. ఈ బకాయిల్లో డబ్బు లేక పడేవి కొన్నైతే, చెప్పాల్సిన మాట చెప్పాల్సిన రోజున అందక పడేవి కొన్ని. ఈ రెండో రకం బకాయిలను పూర్తిగా ఆపొచ్చు.

హౌసింగ్ ఆఫీసుల్లో పనిచేసే తెలుగువారికి, తెలుగు సంఘాల్లో పెద్దవాళ్లకు ఉత్తరాలు చదివిపెట్టేవారికి ఇది పనికొస్తుంది. ప్రభుత్వ సాయానికి వీల్లేదన్న షరతు వీసా మీద ఉన్నవారికి మామూలుగా ఈ ఇళ్లు ఇవ్వరు. స్థిరనివాసం, పౌరసత్వం వచ్చిన కుటుంబాల్లోనే ఎక్కువగా ఈ ఉత్తరాలు కనిపిస్తాయి. స్కాట్లండ్, వేల్స్ నిబంధనలు వేరు. ఇక్కడి లెక్కలు ఇంగ్లండ్‌వి మాత్రమే.

ముందు లెక్క మీకు తెలియాలి

సోషల్ రెంట్ (ప్రభుత్వ సూత్రం ప్రకారం ఉండే తక్కువ అద్దె) ఇళ్లకు ఏప్రిల్‌లో ఎంతవరకు పెంచొచ్చో ప్రభుత్వ విధానం చెబుతుంది. అంతకు ముందు సెప్టెంబర్‌లో ఉన్న సీపీఐ (వినియోగ ధరల సూచీ) ద్రవ్యోల్బణానికి 1 శాతం కలిపితే అదే పరిమితి. 2025 సెప్టెంబర్ సీపీఐ 3.8 శాతం, కాబట్టి 2026 ఏప్రిల్‌కు 4.8 శాతం. అంతకు ముందు ఏడాది 1.7కు 1 కలిపి 2.7, దానికి ముందు 6.7కు 1 కలిపి 7.7. సెప్టెంబర్ అంకెనే ఎందుకు తీసుకుంటారని అడిగితే జవాబు సులువు: అది అక్టోబర్‌లో వెలువడుతుంది, దాన్ని పట్టుకుని జనవరి, ఫిబ్రవరి నెలల్లో బడ్జెట్ వేసుకుని, గడువులోపు నోటీసులు పంపాలి.

"ప్రతిసారీ పెంచడమేనా, ఎప్పుడైనా తగ్గించారా?" అని అడిగేవారు ఉంటారు. తగ్గించారు. 2016 నుంచి నాలుగేళ్లపాటు ఏటా 1 శాతం తగ్గింది. 2022 సెప్టెంబర్‌లో ద్రవ్యోల్బణం 10.1 శాతానికి చేరితే, సూత్రం ప్రకారం 11.1 శాతం పెరగాల్సిన అద్దెను 2023 ఏప్రిల్‌లో 7 శాతం దగ్గర ప్రభుత్వం ఆపింది. ఈ రెండు సంగతులూ చెప్పండి. పెంపునకు ఒక లెక్క, పైన ఒక హద్దు ఉన్నాయని తెలిస్తే మాట వినే ఓపిక వస్తుంది.

అద్దెదారుకు మాత్రం శాతంతో పని లేదు. వారానికి ఎన్ని పౌండ్లు ఎక్కువ, ఏ తేదీ నుంచి, తను ఏం చేయాలి అన్నవే కావాలి. ఉత్తరం మొదటి పేజీలో పైనే ఆ మూడూ ఉండాలి. సీపీఐ గురించి రెండో పేజీలో చెప్పుకోవచ్చు.

ఒక ఇంటి లెక్క చేసి చూద్దాం

రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్, వారం అద్దె 118.40 పౌండ్లు. దాన్ని 1.048తో గుణిస్తే 124.08. అద్దె ఒక్కటే 5.68 పెరిగింది. మెట్లు ఊడవడం, లిఫ్ట్, కామన్ లైట్ల సర్వీస్ చార్జి నిరుడు 9.20 ఉంటే ఈ ఏడాది 10.05 అయిందనుకోండి. పాత మొత్తం 127.60, కొత్త మొత్తం 134.13. వారానికి 6.53 ఎక్కువ.

ఉత్తరంలో 4.8 శాతం అని ఉంది. అద్దెదారు ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి చూస్తే 5.1 వస్తుంది. "తప్పు రాశారు" అంటూ ఫోన్ వస్తుంది. నిజానికి తప్పేమీ లేదు: ఆ పరిమితి అద్దెకు వర్తిస్తుంది, సర్వీస్ చార్జి అసలు ఖర్చును బట్టి మారుతుంది. అయితే ఈ సంగతి ఉత్తరంలో రాయకపోవడం తప్పే. అద్దె, సర్వీస్ చార్జి వేర్వేరు వరుసల్లో, పాతది పక్కన కొత్తది, చివర తేడా రాయండి. అఫర్డబుల్ రెంట్ (మార్కెట్ అద్దెను బట్టి, దానికన్నా తక్కువగా పెట్టే అద్దె) ఇళ్లకు ఈ గొడవ లేదు. అక్కడ అద్దెలోనే సర్వీస్ చార్జి కలిసి ఉంటుంది.

ఇక నెల లెక్క. మనవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. నెలకు నాలుగు వారాలని 134.13ను నాలుగుతో గుణించి 536.52 కడతారు. ఏడాదికి 52 వారాలు, పన్నెండు నెలలు. 134.13ను 52తో గుణించి 12తో భాగిస్తే నెలకు 581.23. నెలనెలా 44.71 తక్కువ పడుతూ, ఏడాది తిరిగేసరికి సరిగ్గా నాలుగు వారాల అద్దె బకాయి మిగులుతుంది. కట్టేవారేమో తాము ఒక్క నెల కూడా తప్పలేదని ప్రమాణం చేసి చెబుతారు, వాళ్లు చెప్పేది నిజమే. అందుకని నెలకు కట్టేవారికి నెల అంకెను మీరే లెక్కకట్టి రాసివ్వండి. వాళ్ల చేత గుణకారం చేయించకండి.

కొన్ని చోట్ల ఏడాదిలో రెండు లేదా నాలుగు వారాలు అద్దె వసూలు చేయరు. అది మాఫీ కాదు; 52 వారాల మొత్తాన్ని 50 లేదా 48 వారాల్లో సర్దుతారు. మన ఉదాహరణలో 48 వారాలకైతే వారానికి 145.31 వస్తుంది. పక్క కౌన్సిల్‌లో ఉన్న చుట్టాల అద్దెతో పోల్చుకుని బాధపడేవారికి ఇది చెప్పాలి. అలాగే కొన్నేళ్లకోసారి అద్దె సంవత్సరంలో 53 సోమవారాలు పడతాయి. 2024-25లో ఏప్రిల్ 1న ఒక సోమవారం, మార్చి 31న ఇంకో సోమవారం వచ్చాయి. తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ మాత్రం 52 వారాలకే లెక్కిస్తుంది. ఆ ఒక్క వారం అద్దెను అద్దెదారే సర్దుకోవాలి కాబట్టి, అలాంటి ఏడాది ముందుగానే హెచ్చరించండి.

నోటీసు గడువు

కౌన్సిల్ సెక్యూర్ టెనెన్సీలకు వారం అద్దె అయితే కనీసం 4 వారాల ముందు నోటీసు అందాలి. 2026 ఏప్రిల్ 6 సోమవారం నుంచి పెంపు అంటే మార్చి 9కల్లా ఉత్తరం ఇంట్లో ఉండాలి. పోస్ట్ చేసిన తేదీ కాదు, అందిన తేదీ లెక్క. కనీసం పది రోజులు ముందు పంపడం క్షేమం. హౌసింగ్ అసోసియేషన్ అష్యూర్డ్ టెనెన్సీలకు ఒప్పందంలోనే అద్దె పెంపు షరతు ఉంటే దాని ప్రకారం, లేకపోతే హౌసింగ్ చట్టంలోని సెక్షన్ 13 నోటీసు ప్రకారం నడుస్తుంది. ఏది వర్తిస్తుందో టెనెన్సీ అగ్రిమెంట్ తీసి చూడందే చెప్పకండి. గడువు తప్పిన నోటీసుతో ఆ తేదీ నుంచి పెంచడం చెల్లదు. ఆలస్యాన్ని అద్దెదారు మీద వేయడానికి వీల్లేదు.

ఎవరికి ఏ పని చెప్పాలి

యూనివర్సల్ క్రెడిట్ తీసుకునేవారికి ఇదే ముఖ్యం. కొత్త అద్దె సంగతి వాళ్లే తమ ఆన్‌లైన్ ఖాతాలోని జర్నల్‌లో చెప్పాలి. ఇంటి యజమాని పంపిన ఉత్తరం చూసి యూనివర్సల్ క్రెడిట్ ఆఫీసువాళ్లు తమంతట తామే మార్చరు. ఏప్రిల్‌లో జర్నల్‌లో ఇంటి ఖర్చులు నిర్ధారించమని ఒక పని కనిపిస్తుంది. దాన్ని అద్దె మారిన రోజున గానీ ఆ తర్వాత గానీ పూర్తి చేయాలి. ఉత్తరం రాగానే మార్చిలోనే చెప్పేస్తే అది నమోదు కాకపోవచ్చు, చెప్పేశాం కదా అన్న ధీమా మాత్రం మిగిలిపోతుంది.

ఆలస్యమైతే ఏమవుతుందో తేదీలతో చూపించండి. ఒకరి అసెస్‌మెంట్ పీరియడ్ (నెలనెలా సాయం లెక్కగట్టే కాలం) 20వ తేదీ నుంచి 19వ తేదీ వరకు అనుకుందాం. ఏప్రిల్ 6కు, 19కి మధ్య చెబితే కొత్త అద్దె మార్చి 20న మొదలైన పీరియడ్ నుంచే లెక్కలోకి వస్తుంది. ఏప్రిల్ 25న చెబితే ఏప్రిల్ 20 నుంచే. మన ఉదాహరణలో ఒక నెల తేడా 28.30 పౌండ్లు పోయినట్టే. ఆసుపత్రిలో ఉండటం లాంటి బలమైన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించమని జర్నల్‌లో అడగొచ్చు.

ఆ ఫారంలో అద్దె ఒక గడిలో, సర్వీస్ చార్జి ఇంకో గడిలో నింపాలి. ఇంటి లోపలి హీటింగ్, నీళ్ల చార్జీలకు యూనివర్సల్ క్రెడిట్ ఇవ్వదు. మొత్తం అంకె తీసుకెళ్లి అద్దె గడిలో వేస్తే యజమాని దగ్గరున్న లెక్కతో పోలక చెల్లింపు ఆగుతుంది. ఏది ఏ గడిలోకి వెళ్తుందో ఉత్తరంలోనే రాసి ఉంటే ఫోన్లు సగం తగ్గుతాయి.

హౌసింగ్ బెనిఫిట్ (కౌన్సిల్ ద్వారా వచ్చే అద్దె సాయం)లో ఉన్న పెద్దవారిది వేరే దారి. కౌన్సిల్ ఇంట్లో ఉంటే కౌన్సిలే సరిచేస్తుంది. హౌసింగ్ అసోసియేషన్ ఇల్లయితే, కొత్త అద్దెల జాబితాను యజమానే కౌన్సిల్‌కు పంపుతున్నారా లేదా అని అడిగి తెలుసుకుని చెప్పండి. పంపకపోతే పెంపు ఉత్తరాన్ని అద్దెదారే హౌసింగ్ బెనిఫిట్ విభాగానికి ఇవ్వాలి.

సొంతంగా కట్టేవారిలో డైరెక్ట్ డెబిట్ ఉన్నవారికి మామూలుగా యజమానే మొత్తం మారుస్తారు. స్టాండింగ్ ఆర్డర్ అయితే బ్యాంకులో అద్దెదారే మార్చుకోవాలి. "అది బ్యాంకులో దానంతట అదే కడుతుంది" అని ఎవరైనా అంటే, ఆ రెండింటిలో ఏదో అడగండి.

పెంపు మొత్తం సాయంలోకి రాని వారు కూడా ఉన్నారు. పనిచేసే వయసువారి ఇంట్లో ఒక బెడ్‌రూమ్ అదనంగా ఉందని తేల్చితే అర్హమైన అద్దెలో 14 శాతం, రెండు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే 25 శాతం కోత పడుతుంది. అద్దె పెరిగితే ఆ కోతా పెరుగుతుంది: 581.23లో 14 శాతం 81.37, నిరుడు అది 77.41. బెనిఫిట్ క్యాప్ (మొత్తం సాయానికి ఉన్న పరిమితి) తగిలినవారికైతే పెంపు మొత్తం సొంత జేబులోంచే. వీళ్లకు "మీకేం భారం ఉండదు" అని చెప్పడం కన్నా పెద్ద తప్పు లేదు. కౌన్సిల్ దగ్గర క్రైసిస్ అండ్ రెజిలియెన్స్ ఫండ్ ఉందని చెప్పండి. 2026 ఏప్రిల్ నుంచి పాత డిస్క్రిషనరీ హౌసింగ్ పేమెంట్ (అద్దెకు కౌన్సిల్ ఇచ్చే అదనపు సాయం) స్థానంలో వచ్చింది అదే. ఇంకో మాట. ఆదాయం కొద్దిగా ఎక్కువై నిరుడు యూనివర్సల్ క్రెడిట్ రానివారికి అద్దె పెరిగాక ఈసారి రావచ్చు. మళ్లీ లెక్క చూసుకోమని చెప్పండి.

మాట ఎలా ఉండాలి

"అద్దె సవరణ" అని రాయకండి. సవరణ అంటే పెరిగిందో తగ్గిందో తెలియదు. పెరుగుతోంది అనండి. అలాగే సర్వీస్ చార్జిని సేవా రుసుము అని తెలుగు చేయకండి. వాళ్లు స్క్రీన్ మీద వెతకాల్సింది సర్వీస్ చార్జి అన్న మాటనే. అంకెలు మాత్రం వాళ్లు ఎలా పలికితే అలా చెప్పండి. చాలామంది తెలుగులో మాట్లాడుతూనే డబ్బు లెక్కలు ఇంగ్లిష్‌లో చెప్పుకుంటారు. పదేళ్ల పిల్లాడి చేత అనువాదం చేయించి అమ్మానాన్నలకు బకాయి సంగతి చెప్పించడం వద్దు.

ఒక పెద్దాయనతో ఫోన్ మాట ఇలా సాగితే చాలు:

"బాబాయి గారూ, నమస్కారం. మీ ఇంటి అద్దె గురించి. ఏప్రిల్ 6 నుంచి వారానికి ఆరు పౌండ్ల యాభై మూడు పెన్స్ పెరుగుతోంది. ఇప్పటిదాకా వన్ ట్వంటీ సెవెన్ సిక్స్‌టీ కదండీ, ఇకనుంచి వన్ థర్టీ ఫోర్ థర్టీన్. మీరు బ్యాంకులో స్టాండింగ్ ఆర్డర్ పెట్టుకున్నారా, డైరెక్ట్ డెబిట్టా?"

"ఏమోనమ్మా, మా అబ్బాయి పెట్టాడు."

"అయితే అబ్బాయి ఇంటికొచ్చాక ఇద్దరూ ఉన్నప్పుడు చేస్తాను. సాయంత్రం ఆరింటికి పర్లేదాండీ?"

ఇక్కడ రెండో ఫోన్ తప్పనిసరి. ఉత్తరం అందిందా అని అడిగితే అందిందనే అంటారు. "ఇకనుంచి ఎంత కడతారు బాబాయి గారూ?" అని అడిగి, వాళ్ల నోట అంకె వచ్చేదాకా పని అయినట్టు కాదు.

కోపంగా అడిగే ప్రశ్నలు

"గోడలకు బూజు పట్టి ఉంటే అద్దె ఎందుకు పెంచాలి?" ఈ మాటకు "అది వేరే డిపార్ట్‌మెంట్" అనకండి. ఆ ఫోన్‌లోనే రిపేర్ నమోదు చేసి రిఫరెన్స్ నంబర్ ఇవ్వండి. సోషల్ ఇళ్లలో ప్రమాదాలను గడువులోపు సరిచేయాలనే అవాబ్స్ లా 2025 అక్టోబర్ 27 నుంచి అమల్లో ఉంది. ప్రమాదకరమైన తేమ, బూజు అయితే 10 పనిదినాల్లో పరిశీలించాలి, ప్రమాదం తేలితే ఆ తర్వాత 5 పనిదినాల్లో ఇంటిని సురక్షితం చేయాలి, అత్యవసరమైతే 24 గంటల్లో. అదే సమయంలో, రిపేర్ కాలేదని అద్దె ఆపితే బకాయి పడి ఇల్లు పోయే కేసు దాకా వెళ్తుందని స్పష్టంగా చెప్పాలి. ఆ రెండూ వేర్వేరు దారులు.

"ఈ డబ్బు ఎటు పోతుంది?" కౌన్సిల్ అద్దెలు హౌసింగ్ రెవెన్యూ అకౌంట్ అనే విడి ఖాతాలోకి వెళ్తాయి. దాన్ని రోడ్లకో లైబ్రరీలకో వాడకూడదు. రిపేర్లు, భద్రత పనులు, అప్పుల వడ్డీ దాంట్లోంచే. కొత్త కిచెన్ వస్తుందని మాత్రం మీరు మాటివ్వకండి.

"దీన్ని సవాలు చేయొచ్చా?" సెక్షన్ 13 నోటీసు వచ్చిన హౌసింగ్ అసోసియేషన్ అద్దెదారు కొత్త అద్దె మొదలయ్యే తేదీలోపు ఫస్ట్ టైర్ ట్రైబ్యునల్‌కు (అద్దె వివాదాలు తేల్చే న్యాయస్థానం) వెళ్లొచ్చు. అయితే ట్రైబ్యునల్ చూసేది మార్కెట్ అద్దెను. సోషల్ రెంట్ మామూలుగా దానికన్నా తక్కువే ఉంటుంది కాబట్టి లాభం దొరకడం అరుదు. అంతకన్నా బలమైనది సర్వీస్ చార్జి ప్రశ్న: లిఫ్టే లేని బ్లాక్‌లో లిఫ్ట్ చార్జి పడిందా, వారానికోసారి ఊడుస్తామని నెలకోసారి వస్తున్నారా? వివరాలు రాతపూర్వకంగా అడగమనండి. లెక్క తప్పినా, నోటీసు ఆలస్యమైనా ఫిర్యాదు పెట్టొచ్చు. ఫిర్యాదును నమోదు చేసుకున్నాక మొదటి దశలో 10 పనిదినాల్లో, రెండో దశలో 20 పనిదినాల్లో జవాబు రావాలి, ఆ తర్వాత హౌసింగ్ ఆంబుడ్స్‌మన్ (ఇళ్ల ఫిర్యాదులు విచారించే స్వతంత్ర సంస్థ) దగ్గరికి వెళ్లొచ్చు.

మే మొదటి వారం

ఉత్తరం పంపిన రోజుతో పని పూర్తి కాదు. మే మొదటి వారంలో ఖాతాలు తెరిచి, ఇంకా సరిగ్గా పాత మొత్తమే కడుతున్నవారిని విడిగా తీయండి. వారానికి 127.60 పడుతోందంటే ఆ మనిషి ఎగ్గొట్టడం లేదు, స్టాండింగ్ ఆర్డర్ మారలేదంతే. అప్పటికి బకాయి నాలుగు వారాలకు 26 పౌండ్లు దాటి ఉంటుంది. వాళ్లకు బకాయి హెచ్చరిక వెళ్లకముందే ఫోన్ చేయండి. ఫోన్ ఎత్తకపోతే ఇలా ఒక మెసేజ్ పెట్టండి: "అమ్మా, మీరు అద్దె పాత లెక్క ప్రకారం కడుతున్నారు. ఇకనుంచి వారానికి 134.13 కట్టాలి. తక్కువ పడిన 26.12ను వచ్చే కొద్ది వారాల్లో కొంచెం కొంచెంగా కట్టొచ్చు. స్టాండింగ్ ఆర్డర్ మార్చడం తెలియకపోతే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి, తెలుగులోనే చెబుతాం."