పెరట్లో పూల్ – 3వ పాఠం: ముందు మట్టం, తర్వాతే హీటర్

ఈసారి హీటర్ పాఠం అని చెప్పాను. అది కాసేపు ఆగాలి. రెండో పాఠం చదివి నీళ్లు నింపిన వాళ్లు పంపిన ఫొటోల్లో చాలా పూల్స్ ఒక పక్కకి ఒరిగి కనబడుతున్నాయి. "కొంచెమే కదండీ, ఏమవుతుంది?" అని అడిగిన వాళ్లూ ఉన్నారు. ఏమవుతుందో లెక్క చూద్దాం.

మనం మొదటి నుంచి మాట్లాడుతున్నది 12 అడుగుల వ్యాసం, 30 అంగుళాల ఎత్తున్న గుండ్రటి ఫ్రేమ్ పూల్. 62 సెంటీమీటర్ల లోతు నింపితే దాదాపు 6,500 లీటర్లు పడతాయి. అంటే ఆరున్నర టన్నులు. నేల ఒక పక్క 5 సెంటీమీటర్లు కిందికి ఉంటే, ఆ పక్క నీటి లోతు అంత ఎక్కువ. గోడ మీద నీటి తోపు లోతు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, పల్లపు పక్క గోడ ఎదుటి పక్క కన్నా 17 శాతం ఎక్కువ బరువు మోస్తుంది. ఆ బరువుకి అక్కడి కాళ్లు ఇంకాస్త దిగుతాయి, దాంతో తేడా ఇంకాస్త పెరుగుతుంది. అలా దిగుతూ దిగుతూ ఒకరోజు కాలు వంగి, పక్కింటి వాళ్ల వాకిట్లోకి ఆరున్నర టన్నుల నీళ్లు పోతాయి.

మీ పూల్ ఎంత ఒరిగిందో చూడటానికి పరికరాలు అక్కర్లేదు. నిలిచిన నీళ్లు మట్టంగానే ఉంటాయి. నాలుగు వైపులా నీటి అంచు నుంచి పైన ఫ్రేమ్ దాకా టేపుతో కొలవండి. ఎదురెదురు కొలతల మధ్య తేడా రెండున్నర సెంటీమీటర్ల లోపు ఉంటే వదిలేయండి. అంతకు మించితే ఖాళీ చేయాల్సిందే. నింపి ఉన్న పూల్ కింద ఇటుకలు దోపడం, జాకీ పెట్టి లేపడం లాంటివి చేయొద్దు. బ్లీచింగ్ వేసిన నీళ్లయితే మూత తీసి రెండు మూడు రోజులు ఎండకి వదిలేసి, తర్వాత కొబ్బరి చెట్లకి పెట్టుకోండి.

ఇప్పుడు నాకు అసలు చిరాకు తెప్పించే విషయం. ఒరిగిన పూల్స్ వాళ్లలో ఎవరిని అడిగినా ఒకటే జవాబు: "పల్లంగా ఉన్న వైపు ఇసుక పోసి లెవెల్ చేశామండీ." పల్లాన్ని నింపొద్దు. ఎత్తుని చెక్కండి. ఈ రెండు వాక్యాలూ రాసుకొని గోడకి అంటించుకోండి. పోసిన ఇసుక మీద చదరపు మీటరుకి 620 కిలోల బరువు పడుతుంది. నిన్నటి దాకా కదలని నేల మీద ఆ బరువు పడితే ఏమీ కాదు. నిన్న పోసిన ఇసుక మీద పడితే అది పక్కలకి జారిపోతుంది. మొదటి పెద్ద వానకి నీళ్లు కింద నుంచి పారి మిగిలింది కూడా కొట్టుకుపోతుంది. "దిమ్మిస కొట్టించామండీ" అంటారు. పొడి ఇసుక దిమ్మిసకి గట్టిపడదు. "ఇసుక కాదండీ, క్రషర్ డస్ట్ పోశాం" అంటారు. ఇసుక కన్నా నయమే, కానీ ఒక పక్క అరడుగు డస్ట్, మరో పక్క గట్టి నేల ఉంటే రెండూ ఒకేలా దిగవు. అసలు గొడవ ఈ తేడాతోనే. విశాఖలో మధురవాడ, కొమ్మాది, ఎండాడ వైపు కొండవాలు స్థలాల వాళ్లకి ఇంకో మాట: వాలు స్థలంలో సగం కొండ చెక్కినది, సగం ఆ మట్టే పోసి చదును చేసినది. పూల్ మొత్తం చెక్కిన సగంలోనే పడేలా చూసుకోండి. రెండింటికీ అడ్డంగా పెడితే ఎంత బాగా మట్టం చేసినా ఏడాది తిరగకుండా ఒరుగుతుంది. రుషికొండ, భీమిలి వైపు ఇసుక నేలల వాళ్లు నీళ్లు బాగా తడిపి అణగనిచ్చి, ప్రతి కాలు కింద ఒక సిమెంట్ పలక నేలమట్టానికి పాతాలి. పలక పైకి పొడుచుకు రాకూడదు.

చెక్కే పద్ధతి ఇది. మధ్యలో ఒక మేకు కొట్టండి. దానికి ఆరున్నర అడుగుల తిన్నని చెక్క కట్టి, దాని మీద రసమట్టం (బుడగ ఉండే లెవెల్) పెట్టి, చెక్కని గడియారం ముల్లులా చుట్టూ తిప్పండి. చెక్క ఎక్కడ తగిలితే అక్కడ పార. అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోటే మీ మట్టం, మిగతాదంతా దానికి దిగాలి. ఇంత ఓపిక లేకపోతే తాపీమేస్త్రిని పిలవండి, లెవెల్ పైపుతో పూటలో తేల్చేస్తాడు. నేనైతే మేస్త్రినే పిలుస్తాను. ఇసుక పైన ఒక అంగుళం పొర మాత్రమే, అదీ రాళ్లు గుచ్చుకోకుండా. తుంగ గడ్డి ఉన్న చోట దుంపలతో సహా తవ్వి తీయండి. దాని మొలక లైనర్‌ని, అంటే పూల్ అడుగు షీటుని, పొడుచుకొని పైకి వస్తుంది.

మేడ మీద పెట్టుకోవచ్చా అని అడిగిన వాళ్లకి ఒకటే మాట. మనుషులు తిరిగే మేడలకి భవనాల బరువుల మీద ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 875 లెక్కగట్టమనే బరువు చదరపు మీటరుకి దాదాపు 150 కిలోలు. మీరు పెట్టబోయేది 620. వద్దు.

ఇక వేడి. విశాఖలో ఏడాదిలో ఎక్కువ భాగం హీటర్ అక్కర్లేదు, ఏప్రిల్ మేల్లో నీళ్లు చల్లబడితే చాలనిపిస్తుంది. ఇబ్బందల్లా డిసెంబరు, జనవరి. రాత్రి 18 డిగ్రీల దగ్గరికి దిగితే పొద్దున నీళ్లు 23 దగ్గర ఉంటాయనుకుందాం. పిల్లలు వణక్కుండా ఆడాలంటే 28 కావాలి. 6,500 లీటర్లకి ఒక్క డిగ్రీ పెంచడానికి ఏడున్నర యూనిట్ల (కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే) వేడి కావాలి. ఐదు డిగ్రీలకి 38 యూనిట్లు. 3 కిలోవాట్ల హీటర్ పన్నెండున్నర గంటలు తిరగాలి, అదీ ఈలోపు వేడి ఏమీ పోకపోతే. "గీజర్ నీళ్లు కలిపితే?" 25 లీటర్ల గీజర్ నిండా 60 డిగ్రీల నీళ్లు పోస్తే పెరిగేది డిగ్రీలో ఏడో వంతు.

అందుకే హీటర్ కన్నా ముందు మూత కొనమంటాను. బయటి పూల్ నుంచి పోయే వేడిలో దాదాపు 70 శాతం ఆవిరి రూపంలోనే పోతుంది. లీటరు నీరు ఆవిరైతే 580 కిలో క్యాలరీలు పట్టుకుపోతుంది. మన పూల్ లోతుకి లెక్క గడితే తేలేది ఇది: నీటి మట్టం ఒక మిల్లీమీటరు తగ్గితే పూల్ దాదాపు ఒక డిగ్రీ చల్లబడుతుంది. నాలుగు మిల్లీమీటర్లు తగ్గితే మీరు కరెంటు పెట్టి ఎక్కించిన దాదాపు 28 యూనిట్లు గాలికి పోయినట్టే. చలికాలంలో గాలి పొడిగా ఉంటుంది, మధ్యాహ్నం సముద్రపు గాలి కూడా తోడవుతుంది, ఆవిరికి అంతకన్నా ఏం కావాలి?

బుడగల మూత కొంటే బుడగలు నీటి వైపు ఉండాలి. కొరియర్‌లో వచ్చే బుడగల కవరు పరిచి సరిపెట్టుకోవద్దు, అది ఎండకి పొడిపొడి అవుతుంది. నీలం టార్పాలిన్ రాత్రికి పనికొస్తుంది, పగలు మాత్రం ఎండని అడ్డుకుంటుంది. మన ఊళ్లో ఎండ రోజుకి చదరపు మీటరుకి సుమారు 5 యూనిట్లు ఇస్తుంది. మీ పూల్ పైభాగం పదిన్నర చదరపు మీటర్లు. ఊరికే వచ్చే ఆ వేడిని వదులుకోవద్దు. ఒక హెచ్చరిక: నీళ్లలోకి దిగే ముందు మూత మొత్తం తీసేయాలి, సగం చుట్టి వదిలేయకూడదు. చిన్నపిల్లలు దాని మీద పడితే అది ఒంటికి చుట్టుకుంటుంది.

డ్రిప్ వాళ్ల నల్ల పైపు చుట్ట మేడ మీద పెడితే ఎలా ఉంటుందని ఒకరు అడిగారు. 16 మిల్లీమీటర్ల పైపు వంద మీటర్లు పరిచినా ఎండ తగిలేది చదరపు మీటరున్నర. రోజుకి అర డిగ్రీ, కాస్త అటూ ఇటూ. ఆ దారి పట్టాలంటే మేడ మీద ఎండ తగిలే పైపు, పూల్ పైభాగం వైశాల్యంలో కనీసం సగమంత ఉండాలి.

మూత పెట్టాక కూడా చాలకపోతే అప్పుడు హీటర్. నా ఓటు హీట్ పంపుకి, అంటే బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లకిచ్చే యంత్రానికి. ధర ఎక్కువే, కానీ మన వాతావరణంలో ఒక యూనిట్ కరెంటుకి నాలుగైదు యూనిట్ల వేడి ఇస్తుంది. ఏదైనా సరే పంపు, ఫిల్టర్, హీటర్, పూల్ అన్న వరసలోనే కలపాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ లేకుండా స్విచ్ వేయొద్దు. బకెట్లో పెట్టే రాడ్ పూల్‌లో పెట్టొద్దు, మనుషులు లేనప్పుడు కూడా వద్దు. ఇందులో చర్చ లేదు.

అభ్యాసం. హీటర్ ఆపేసి, పిల్లల్ని దించకుండా, పై ఫ్రేమ్‌కి ఒక స్టీలు స్కేలు నీళ్లలోకి దిగేలా కట్టండి. మూడు రాత్రులు మూత లేకుండా, మూడు రాత్రులు మూతతో. సాయంత్రం ఆరింటికి, పొద్దున ఆరింటికి నీటి మట్టం మిల్లీమీటర్లలో, నీటి ఉష్ణోగ్రత థర్మామీటరుతో రాసుకోండి. వాన పడిన రాత్రి లెక్కలోకి రాదు, మళ్లీ చేయాలి. తర్వాత ఒక్కో రాత్రి ఎన్ని యూనిట్ల వేడి పోయిందో మీరే కట్టండి. ఏ హీటర్ కొనాలని నన్ను అడిగే వాళ్లు ఈ ఇరవై నాలుగు కొలతలూ జతచేసి పంపండి.