సైన్స్ ఫెయిర్‌కు వీ-2 నమూనా: పైపు జోలికి పోవద్దు

అనంతపురం, కడప బళ్లలో రాకెట్ నమూనా అనగానే చెయ్యి పీవీసీ పైపు మీదికే పోతుంది. జర్మన్లు 1944 సెప్టెంబరు నుంచి లండన్ మీద వేసిన వీ-2కు అది పనికిరాదు. దాని ఒళ్లు నడుమ లావు, రెండు కొసలకూ సన్నబడుతుంది.

అసలుది 14 మీటర్ల పొడవు, 1.65 మీటర్ల లావు, రెక్కల కొస నుంచి కొసకు 3.56 మీటర్లు. పదోవంతుకు తీసుకుంటే 140, 16.5, 35.6 సెంటీమీటర్లు. 5 సెంటీమీటర్ల మందం థర్మాకోల్‌లో 28 బిళ్లలు కోసి, నడుమ బెజ్జం పెట్టి కర్రకు గుచ్చి అంటించండి. సగం ఆకారం కోసిన అట్టను ఆనించి చూసుకుంటూ గరుకు కాగితంతో రుద్దాలి. ఓపిక కావాల్సింది ఇక్కడే.

ఆపైన మైదా జిగురుతో పేపరు మూడు పొరలు, నీడలో ఆరబెట్టి ఒక్కో పొరా వేయండి. మన ఎండలో పెడితే పైపొర బిగుసుకుపోయి లోపల తడి ఉండిపోతుంది, బుడగలు లేస్తాయి. స్ప్రే పెయింట్ వద్దు. పేపరు సందులోంచి దిగి థర్మాకోల్‌ను కరిగించేస్తుంది. ఎమల్షనే మేలు. పరీక్షల రాకెట్లకు నలుపు తెలుపు గళ్లు వేసింది, అది గిరగిరా తిరుగుతోందా అని కనిపెట్టడానికి.

నాలుగు రెక్కలూ 2 సెంటీమీటర్ల లోతు గాడిలో దిగాలి, లేదంటే బస్సులోనే ఊడతాయి. మంట వచ్చే నోట్లో నాలుగు నల్ల అట్టముక్కలు మరవద్దు: అవి గ్రాఫైట్ చుక్కానులు. బయల్దేరేటప్పుడు వేగం తక్కువ, రెక్కల మీది చుక్కానులకు గాలి పట్టు దొరకదు. దారి పట్టించేది ఇవే.

చీటీ మీద ఇంధనం (ఆల్కహాల్ 75, నీళ్లు 25 పాళ్లు, తోడుగా ద్రవ ఆక్సిజన్) రాస్తే చాలదు. ఈ రాకెట్లను సొరంగాల్లో ఖైదీల చేత వెట్టిగా చేయించారని, వేలమంది అక్కడే చనిపోయారని కూడా రాయండి.