కోసుకుపోతున్న చెరువు కట్టను ఎలా నిలబెట్టాలి?

హైదరాబాద్‌లో చెరువు కట్ట మీద పొద్దున్నే నడిచేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. జూన్‌లో నాలుగు గట్టి వానలు పడగానే కట్ట వాలు మీద వేలెడు వెడల్పున సన్నని గాడులు పడతాయి. ఆగస్టు కల్లా వాటిలో పాదం దిగుతుంది. దసరా నాటికి మోకాలు మునుగుతుంది. అప్పుడు ఎవరో ఒకరు రెండు ట్రాక్టర్ల మట్టి తెప్పించి ఆ గాడిలో పోయిస్తారు. పైన పారతో చదును చేసి పని అయిపోయిందనుకుంటారు. మరుసటి వానకు ఆ మట్టంతా జారి నాలాలో కలుస్తుంది. పదకొండేళ్లుగా మా కాలనీ చెరువు దగ్గర ఈ పనిలో ఉన్నాను. అలా జారిపోయిన మట్టిని చూసిన ప్రతిసారీ బాధేస్తుంది. అదే మట్టిని అదే మనుషులతో, ఇంకో రెండు రోజులు ఓపిక పట్టి వేయిస్తే ఏళ్ల తరబడి కదలదు.

మీరు ముట్టుకోకూడనివి

ఇక్కడ చెప్పేది వాన నీటికి పైపైన కోసుకుపోయిన వాలు గురించే. గాడి మోకాలి కంటే లోతుగా ఉన్నా, కట్ట పొడవునా పగులు కనిపించినా, పొలాలకు నీళ్లు వదిలే తూము పక్కన గానీ, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి పక్కన గానీ మట్టి కుంగినా చేయి పెట్టొద్దు. కట్ట అడుగున నీళ్లు ఊరుతుంటే ఒక గాజు గ్లాసులో పట్టి చూడండి. తేటగా ఉంటే రెండు రోజుల్లో నీటిపారుదల శాఖ ఇంజినీరుకు చూపించండి. మట్టి రంగులో ఉంటే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం, ఆ గంటలోనే ఫోన్ చేయండి. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి దిగువ బస్తీలు మునిగిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద అంత ఉధృతంగా రావడానికి, ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగడం కూడా ఒక కారణం. ఒక కట్ట తెగితే ఆ నీళ్లన్నీ కింది చెరువు మీద పడతాయి. మన చెరువులు గొలుసుగా కట్టినవి.

చిన్న పనే అయినా నీటిపారుదల శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) ముందే కాగితం రాసిచ్చి, చెప్పి మొదలుపెట్టండి.

సామాను

పారలు, గడ్డపారలు, తట్టలు, మట్టిని కొట్టి గట్టిపరిచే దిమ్మిసలు రెండు, మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబు, సుతిలి తాడు, నీళ్ల డ్రమ్ము. ఎర్రమట్టి కలిసిన మొరం. ఆరుగురు మనుషులు. మే మూడో వారంలో మొదలుపెడితే తొలకరికి మట్టి పని అయిపోతుంది.

మట్టి విషయంలో మాత్రం మొహమాటపడొద్దు. నల్లరేగడి ఎండకు నెర్రెలు బారుతుంది, వద్దు. చెరువులో తీసిన పూడిక పల్లెల్లో పొలాలకు బంగారం. నగరంలో అది డ్రైనేజీ బురద, కట్టకు పనికిరాదు. ఇళ్లు కూల్చిన ఇటుక ముక్కలు, పెంకులు ఉచితంగా వస్తున్నాయని అస్సలు పోయించొద్దు. వాటి మధ్య సందులుంటాయి, నీళ్లకు ఆ సందులే దారి.

ముందు నీళ్ల దారి మార్చాలి

గాడి ఎందుకు పడిందో చూడకుండా పూడిస్తే పక్కనే ఇంకోటి పడుతుంది. తొంభై పాళ్లు కారణం కట్ట పైనే ఉంటుంది. కట్ట తలం చెరువు వైపుకు కొంచెం వాలి ఉండాలి, అప్పుడు పైన పడ్డ వాన చెరువులోకి పోతుంది. మనుషులు నడిచీ బండ్లు తిరిగీ మధ్యలో గుంటలు పడితే, నీళ్లు అక్కడ నిలిచి బయటి వాలు మీదికి పొర్లుతాయి. ఆ గుంటలు పూడ్చి తలం సరిచేయండి. జనం అడ్డదారిగా దిగే కాలిబాట ఉంటే దాన్ని మూసి, ఒక పక్కగా రాతి మెట్లు కట్టించండి.

మెట్లు కోయడం, మట్టి పట్టించడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. దయచేసి ఈ భాగం రెండుసార్లు చదవండి.

పాత కట్ట మట్టి ఎండి గట్టిపడి, పైన నున్నగా ఉంటుంది. దాని మీద కొత్త మట్టి పోస్తే రెండూ కలవవు. మధ్యలో ఒక పొర మిగిలిపోతుంది. వాన నీళ్లు ఆ పొరలోకి దిగగానే కొత్త మట్టి మొత్తం ఒక్క పెళ్లలా జారుతుంది. పాలమూరు నుంచి మట్టి పనికి వచ్చిన ఒక పెద్దాయన దగ్గర నేనీ పని నేర్చుకున్నాను. మట్టి మట్టిని పట్టుకోవాలంటే దానికి పళ్లుండాలె అనేవాడు. ఆ పళ్లే మెట్లు.

ముందు గాడిలోని గడ్డి, వేర్లు, వదులు మట్టి అంతా తీసేయండి. గడ్డపార దించితే ఖణేల్‌మని గట్టి మట్టి తగలాలి. తర్వాత అడుగు నుంచి పైకి, గాడి రెండు పక్కలా వెనకా మెట్లు కోయండి. ఒక్కో మెట్టు అడుగు వెడల్పు, అర అడుగు ఎత్తు. మెట్టు బయటికి వాలకూడదు, కొద్దిగా కట్ట లోపలికే వాలాలి. ఒక మెట్టు మీద గోళీ పెట్టి చూడండి. అది లోపలికి దొర్లితే సరిగ్గా కోసినట్టు.

ఇక తడి. పొడి మట్టి ఎంత కొట్టినా అణగదు. బురద మట్టి దిమ్మిస కింద రబ్బరులా ఊగుతుంది. గుప్పెడు మట్టి తీసి గట్టిగా పిసికి అరచేయి తెరవండి. ముద్ద విడిపోకుండా నిలవాలి, అరచేతికి తడి అంటకూడదు. బొటనవేలితో నొక్కితే ఆ ముద్ద రెండు మూడు ముక్కలుగా విరగాలి. పొడిలా రాలితే నీళ్లు చల్లి, ఒక రాత్రి గోనె పట్టాలు కప్పి ఉంచండి. నీళ్లు చల్లిన వెంటనే వాడొద్దు, పైన తడిసి లోపల పొడిగా ఉంటుంది. ఈ ఒక్క రాత్రి ఆగలేకే చాలామంది పని చెడగొడతారు.

మెట్ల మీద కొంచెం నీళ్లు చిలకరించి ఆరు అంగుళాల మందాన మట్టి పరవండి. అంతకు మించి ఒక్క అంగుళం కూడా వద్దు. దిమ్మిస కొట్టాక అది నాలుగు అంగుళాలకు దిగాలి. చెవి పెట్టి వినండి: మొదట దబ్ దబ్ మని మెత్తగా వినిపిస్తుంది, మట్టి అణిగాక శబ్దం గట్టిగా, పొట్టిగా మారుతుంది. ఆ మార్పు వచ్చేదాకా ఆపొద్దు. మూలల్లో, పాత మట్టికి ఆనుకున్న అంచుల్లో ఇంకా ఎక్కువ కొట్టాలి, ఎందుకంటే నీళ్లు మొదట వెతికేది అంచునే.

ఒక పొర అయ్యాక పైభాగం నున్నబడుతుంది. గడ్డపార మొనతో దాన్ని గీరి, నీళ్లు చిలకరించి, అప్పుడే రెండో పొర వేయాలి. ఒకసారి నేను ఊరెళ్లిన రోజున మావాళ్లు తొందరపడి, గీరకుండానే మూడు పొరలు వేసేశారు. జూలైలో సరిగ్గా ఆ మూడు పొరలే పలకల్లా విడివడి కింద పడ్డాయి. వాటి కిందివి, పైవి కదల్లేదు.

చివరగా, వాలు గీత కంటే అర అడుగు బయటికి వచ్చేలా మట్టి పోసి, తర్వాత పారతో ఆ అర అడుగు చెక్కేయండి. అంచున దిమ్మిస దెబ్బ సరిగ్గా తగలదు, అక్కడి మట్టి వదులుగానే ఉండిపోతుంది. చెక్కేస్తే లోపలి గట్టి మట్టి బయటపడుతుంది.

వట్టివేరు వరసలు

మట్టి నిలిచాక దాన్ని పట్టుకునేది వేరు. నా కట్ట మీద వట్టివేరు తప్ప ఇంకోటి నాటను. ఎండాకాలం తడికల్లో కట్టే సువాసన వేళ్లే ఇవి. నేలలోకి నిటారుగా రెండు మూడు మీటర్లు దిగుతాయి, పక్కలకు పాకవు. నర్సరీ నుంచి పిలకలు తెచ్చి, ఆకును ఎనిమిది అంగుళాలకు కత్తిరించి, జూన్ చివర్లో నాలుగైదు అంగుళాలకొకటి నాటండి. ఒక వరసకూ ఇంకో వరసకూ మధ్య మూడడుగుల ఎత్తు ఉండాలి. వరస లెవెల్ ట్యూబుతో గీసిన సమగీత మీదే ఉండాలి, కంటి అంచనా పనికిరాదు. వరస ఒక పక్కకు వాలితే నీళ్లన్నీ అక్కడికే చేరి తెంపేస్తాయి. మధ్యలో గరిక అంటించండి. మొదటి మూడు వారాలు వాన లేని రోజుల్లో నీళ్లు పోయండి, మొదటి ఏడాది మేకల నుంచి కాపాడండి. వేర్ల కోసం తవ్వేవాళ్లను రానివ్వొద్దు.

కట్ట మీద చెట్లు నాటొద్దు. మొక్కలు నాటాలన్న మంచి మనసుతోనే చాలా కాలనీలు ఈ పొరపాటు చేస్తున్నాయి. గాలికి చెట్టు ఊగితే వేరు చుట్టూ మట్టి వదులవుతుంది. చెట్టు చచ్చాక వేరు కుళ్లి, కట్టలో బొక్క మిగులుతుంది. అయితే ఇప్పటికే ఉన్న పెద్ద చెట్టును సొంతంగా కొట్టేయొద్దు, దానివల్లా లోపలి వేర్లు కుళ్లుతాయి. ఇంజినీరుకు చూపించండి. కొత్త చెట్లు కట్ట పాదానికి దూరంగా నాటండి.

సిమెంటు పూత గురించి కూడా అడుగుతుంటారు. సిమెంటు పగుళ్లిస్తుంది, దాని కింద మట్టి ఎప్పుడు పోయిందో పైకి కనబడదు. గడ్డి వాలు మీద అయితే చిన్న గాడి కూడా ఆ రోజే తెలుస్తుంది.

నీటి వైపు అలలు కొట్టే చోట పని వేరు. అక్కడ రాళ్లు పేర్చాలి, రాళ్ల కింద కంకర, ఇసుక పొర ఉండాలి, లేకపోతే అల వెనక్కి పోయేటప్పుడు రాళ్ల సందుల్లోంచి మట్టిని లాక్కుపోతుంది. కాకినాడ దగ్గర ఉప్పాడ తీరంలో రోడ్డును సముద్రం కోస్తున్నప్పుడు రాళ్లు వేసీ వేసీ ఎంత అవస్థ పడుతున్నారో మా బంధువుల ఇంటికి వెళ్లినప్పుడల్లా చూస్తాను. చెరువు అల చిన్నదే కానీ, ఏడాది పొడవునా ఒకే గీత మీద కొడుతుంది. నగరంలో మురుగు చేరి చెరువులు ఎండడం లేదు కాబట్టి, ఆ గీత బయటపడేది తక్కువ. నీళ్లు దిగే ఏడాది కోసం కాచుకుని, శాఖ చేతే చేయించండి.

అంతా అయ్యాక మొదటి పెద్ద వాన వచ్చినప్పుడు ఇంట్లో కూర్చోవద్దు. ఉరుములు ఆగాక గొడుగు పట్టుకుని కట్ట మైసమ్మ గుడి నుంచి మత్తడి దాకా నడవండి. నీళ్లు ఎక్కడ గుమిగూడి వాలు దిగుతున్నాయో అక్కడ ఒక వెదురు పుల్ల గుచ్చండి. మర్నాడు వాన తెరిపివ్వగానే పార పట్టుకుని ఆ పుల్ల దగ్గరికే వెళ్లండి.