వరద శిబిరంలో నర్సు పని – 4వ పాఠం: ఇరవై అంటే ఎంత?

ఈసారి గాయాల గురించి రాస్తానన్నాను. రాయడం లేదు. పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు మీ జవాబులు చూశాక, గాయాలు ఇంకో పాఠం దాకా ఆగినా పరవాలేదనిపించింది.

లెక్క గుర్తుందిగా. శిబిరంలో షుగరు జబ్బుకు ఇన్సులిన్ వేసుకునే ఒక అవ్వ. మందుల సంచీ వరదలో పోయింది. పాత మోతాదే వెయ్యమని డాక్టరు రాశారు, 20 యూనిట్లు. మీ బల్ల మీద ఉన్నది 100 అని రాసున్న ఇన్సులిన్, ఎర్ర మూత సిరంజీ. ఎంతవరకు లాగుతారు?

దాదాపు అందరూ "20 గీత వరకు" అన్నారు. ఒకరైతే సూది ఏ కోణంలో గుచ్చాలో అర పేజీ రాశారు. అది కాలేజీలోనే నేర్చుకున్నారు, నేను చెప్పను. చోటు మార్చి వెయ్యడం, వాడిన సూది ఎక్కడ పడెయ్యాలి, అవీ చెప్పను.

కొద్దిమంది "8వ గీత" అని రాశారు. లెక్క ప్రకారం అది కరెక్టే. అయినా వాళ్లకీ మార్కులు లేవు. నాకు కావలసిన జవాబు "లాగను, సిరంజీ మారుస్తాను" అని. ఆ లెక్క మీరు చెయ్యగలరు. రాత్రి రెండింటికి టార్చి వెలుగులో మీ తర్వాత డ్యూటీకి వచ్చే అమ్మాయి చెయ్యగలదా?

సరే, మొదటినుంచీ వద్దాం. మన దేశంలో ఇన్సులిన్ సీసాల్లో ఎక్కువ భాగం 1 మి.లీ.కి 40 యూనిట్లవి. ఇన్సులిన్ పెన్నులో (పెన్నులా ఉండే సూది పరికరం) పెట్టే 3 మి.లీ. కార్ట్రిడ్జ్, అంటే చిన్న మందు గొట్టం, 1 మి.లీ.కి 100 యూనిట్లది. కొన్ని సీసాలు కూడా 100వి వస్తాయి. 40కి ఎర్ర మూత సిరంజీ, 100కి నారింజ మూత సిరంజీ. మీ ఆసుపత్రిలో ఫార్మసీ ఏది పంపాలో అది పంపుతుంది కాబట్టి ఈ గొడవ మీ కళ్లబడదు. శిబిరానికి వచ్చేది దానం సరుకు. ఒకరి ఇంట్లో మిగిలిన సీసా, ఇంకొకరు కొనిచ్చిన సిరంజీలు, అన్నీ ఒకే అట్టపెట్టెలో.

ఎర్ర సిరంజీలో 20 గీత అంటే అర మి.లీ. 40 సీసాలోంచి అర మి.లీ. తీస్తే 20 యూనిట్లు, బాగానే ఉంది. అదే అర మి.లీ. 100 దాంట్లోంచి తీస్తే 50 యూనిట్లు. రెండున్నర రెట్లు. అవ్వ చేతిలో సాంబారన్నం పొట్లం ఇంకా విప్పనైనా విప్పదు, షుగరు పడిపోయి చెమటలు పోస్తాయి.

తిరగేసి చూడండి. నారింజ సిరంజీలో 20 అంకె దగ్గర ఉండేది 0.2 మి.లీ. 40 సీసాలోంచి అంత తీస్తే వెళ్లేది 8 యూనిట్లే. ఇది వెంటనే పడగొట్టదు కాబట్టి ఎవరూ పట్టుకోరు. మూడో రోజుకి షుగరు నాలుగు వందలు దాటితే "శిబిరం తిండి" అనేసి ఊరుకుంటారు.

దీనిమీద ఇంకో తిరకాసు. మనవాళ్లు యూనిట్లు అనరు, గీతలంటారు. ఎర్ర సిరంజీలో ఒక్కో చిన్న గీత ఒక యూనిట్. 1 మి.లీ. నారింజ సిరంజీలో మామూలుగా ఒక్కో చిన్న గీత రెండు యూనిట్లు. "పది గీతలు తల్లీ" అన్నారంటే అది పదీ కావచ్చు, ఇరవయ్యీ కావచ్చు.

ఇంత సాగదీయడానికి కారణం ఉంది. 2015 డిసెంబరు మొదటి వారంలో, చెన్నైలో అడయారు నది పొంగి సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట వైపు ఇళ్లు మునిగినప్పుడు, ఒక స్కూల్లో పెట్టిన శిబిరంలో మందుల బల్ల దగ్గర ఉన్నాను. ఎవరో ఒక డబ్బా నిండా కార్ట్రిడ్జ్‌లు ఇచ్చారు, పెన్ను ఒక్కటీ లేదు. పారెయ్యడమెందుకని ఎర్ర సిరంజీతో కార్ట్రిడ్జ్‌లోంచి లాగాను. 16 యూనిట్లు అనుకుని ఒకామెకు 40 వేశాను. నా చేత్తోనే. గంట తిరక్కముందే ఆమె పేర్లు కలిపేసి మాట్లాడుతోంది. చేతులు చల్లగా, జాకెట్టు తడిసి ముద్దగా. మింగగలుగుతోంది కాబట్టి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకోసారి షుగరు చూస్తూ, కార్పొరేషన్ లారీలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. రెండో రోజు తిరిగొచ్చింది. నన్ను గుర్తుపట్టి "ఏమ్మా, తిన్నావా?" అని అడిగింది.

అప్పటినుంచి నా పద్ధతి ఒక్కటే. శిబిరం తెరవగానే నారింజ సిరంజీలు, 100 సీసాలు, కార్ట్రిడ్జ్‌లు అన్నీ ఒక సంచీలో కట్టి డాక్టరు దగ్గర పెట్టేస్తాను. బల్లమీద 40 సీసా, ఎర్ర మూత తప్ప ఇంకేమీ ఉండవు. సీసాకు తెల్ల ప్లాస్టరు చుట్టి స్కెచ్ పెన్నుతో 40 అని పెద్దగా రాస్తాను, కింద తెరిచిన తేదీ. మందు వృథా అవుతుందని కొందరు వాలంటీర్లకు నామీద కోపం. ఉండనివ్వండి. 100 రకమే వాడుతున్న పేషెంటు వస్తే ఆ సంచీ డాక్టరు చేతిమీదుగానే తెరుచుకోవాలి. ఎవరి పెన్ను వాళ్లదే. సూది మార్చినా సరే ఒకరి పెన్ను ఇంకొకరికి వాడొద్దు, రక్తం లోపలికి వెనక్కి వెళ్లొచ్చు.

ఇప్పుడు మీలో ఒక్కరు కూడా అడగని ప్రశ్న. ఆ అవ్వ ఇంట్లో ఏ సిరంజీతో వేసుకునేది? ఏళ్ల తరబడి 40 సీసాకు నారింజ సిరంజీ వాడేవాళ్లు ఉన్నారు, మందుల షాపులో ఏదిస్తే అది. షుగరు చూస్తూ చూస్తూ అంకె పెంచుకుంటూ వచ్చి 20 దగ్గర కుదురుకుని ఉంటుంది. అంటే ఒంట్లోకి వెళ్తున్నది 8. మీరు చాలా జాగ్రత్తగా, సరైన సీసా, సరైన సిరంజీతో నిజమైన 20 వేస్తే పడిపోతుంది!

అందుకే ఇలా అడగండి:

"అవ్వా, ఇంట్లో సూది మూత ఏ రంగు?"

"ఎర్రగా ఉంటాదమ్మా."

"కుంకుమ ఎరుపా, కమలాపండు రంగా?"

"కమలాపండే."

ఇక చెయ్యి ఆపండి. "ఇంట్లో 40 సీసా, నారింజ సిరంజీ, 20 అంకె" అని చీటీ మీద రాసి డాక్టరుకు ఇవ్వండి. మోతాదు మీరు దిద్దొద్దు. వ్యాసర్పాడి, పెరంబూరు వైపు శిబిరాల్లో మన తెలుగువాళ్లు చాలామందే కనిపిస్తారు. తమిళంలో అడిగితే "సరి సరి" అని తలూపేవాళ్లు తెలుగులో అడిగితే ఇంత వివరంగా చెప్తారు. అక్కడ మీ తెలుగు పనికొస్తుంది.

మిగతావి గబగబా. అన్నం పొట్లం చేతికి వచ్చాకే భోజనం ముందు వేసే ఇన్సులిన్. "లారీ బయల్దేరింది" అన్న మాట నమ్మి వెయ్యకండి, వేళచేరి నీళ్లలో లారీ ఎప్పుడొస్తుందో లారీకే తెలీదు. టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ తయారవని రకం షుగరు) పిల్లలకు మాత్రం తిండి లేదని ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు, వెంటనే డాక్టరుకు చూపించాలి. వరద నీళ్లలో మునిగిన సీసా, మూత గట్టిగా ఉన్నా సరే పారెయ్యండి. ఐసుకు ఆనించి పెట్టి గడ్డకట్టినదీ అంతే. వాడుతున్న సీసా మామూలుగా నాలుగు వారాలు బయట ఉండొచ్చు, ఎండ, ఎక్కువ వేడి తగలకపోతే. మట్టికుండలో పెట్టమని అందరూ చెప్తారు, మంచిదే. కానీ కుండ చల్లబడేది తడి ఆరితేనే. డిసెంబరు ముసురులో మన చెన్నైలో ఏ తడీ ఆరదు, కాబట్టి ఎండాకాలంలో ఇచ్చినంత చల్లదనం ఆశించకండి. షుగరు చూసే స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి వదలకండి, చెమ్మకు పాడవుతాయి. బిస్కెట్టు తిన్న వేలు కడిగించి గుచ్చండి.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను చెన్నైని ముంచి బాపట్ల దగ్గర తీరం దాటిన వారంలో ఈ పాఠం మొదటిసారి నోటితో చెప్పాను. అప్పుడు విన్నవాళ్లు కూడా ఈసారి "20 గీత" అని రాశారు. కాబట్టి అభ్యాసం కాస్త కష్టంగానే ఉంటుంది.

మందుల షాపులో రెండు రంగుల సిరంజీలూ ఒక్కోటి కొనండి. గ్లాసు నీళ్లలో కాస్త పసుపు కలిపి, రెండింటిలోనూ 20 అంకె వరకు లాగండి, పక్కపక్కన పెట్టి ఫోటో తియ్యండి. తర్వాత 6, 14, 22, 36 యూనిట్లకు, రెండు రకాల ఇన్సులిన్‌కూ, రెండు సిరంజీలకూ కలిపి మొత్తం పదహారు లెక్కలు చెయ్యండి. మి.లీ. ఎంత, ఏ అంకె వరకు లాగాలి, ఏవి అసలు లాగకూడదు. కాలిక్యులేటరు వద్దు. చివరగా మీ వీధిలోనో హాస్టల్లోనో ఇన్సులిన్ వేసుకునే ముగ్గురిని మూత రంగు అడిగి, సీసా మీద అంకె కూడా చూసి రాయండి. రెండూ పొంతన లేకుండా కనిపిస్తే మోతాదు గురించి మీరేమీ అనకండి. సీసా, సిరంజీ రెండూ పట్టుకుని వాళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లమనండి.

పదహారూ వచ్చినవాళ్లు మాత్రమే గాయాల పాఠానికి రండి.