ఇంట్లో ఘోరం జరిగినప్పుడు ఫోన్లకు కాపలా: బెంగళూరులోని తెలుగు కుటుంబాలకు

2002 మార్చిలో ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో బడి నుంచి ఇంటికి వస్తూ మిల్లీ డౌలర్ అనే 13 ఏళ్ల బాలిక కనిపించకుండా పోయింది. ఆత్రంతో ఇంట్లోవాళ్లు, స్నేహితులు ఆమె ఫోనులో వదిలిన వాయిస్ మెయిల్ (కాల్ ఎత్తనప్పుడు రికార్డయ్యే) సందేశాలను న్యూస్ ఆఫ్ ది వరల్డ్ పత్రిక కోసం పనిచేసినవాళ్లు దొంగచాటుగా విన్నారని 2011 జులైలో గార్డియన్ బయటపెట్టింది. 168 ఏళ్ల చరిత్ర ఉన్న న్యూస్ ఆఫ్ ది వరల్డ్ అదే నెల 10న చివరి సంచిక వేసి మూతపడింది. సందేశాలను చెరిపేసి తల్లిదండ్రులలో లేనిపోని ఆశ రేపింది కూడా వాళ్లేనని మొదట వచ్చిన వార్తకు ఆధారం దొరకలేదని తరువాత తేలింది కానీ, సందేశాలను విన్నారన్నది మాత్రం నిజం.

ఆ పనికి గొప్ప సాంకేతిక విద్య ఏదీ అవసరం కాలేదు. వాయిస్ మెయిల్‌కు కంపెనీ ముందుగా పెట్టి ఇచ్చే పిన్‌ను చాలామంది మార్చుకోరు. ఒకరు ఫోన్ చేసి లైనును బిజీగా ఉంచితే, రెండో వ్యక్తి చేసిన కాల్ వాయిస్ మెయిల్‌లోకి వెళుతుంది. అక్కడ ఆ పిన్ నొక్కితే సరిపోయేది. మన దగ్గర వాయిస్ మెయిల్ వాడకం తక్కువే అయినా, గొళ్లెం పెట్టని తలుపులు మనకూ ఉన్నాయి. మారతహళ్లిలో పీజీలో ఉంటున్న పిల్లకో పిల్లవాడికో ఏదైనా జరిగిందని తెలిసి, తల్లిదండ్రులు అనంతపురం నుంచో చిత్తూరు నుంచో రాత్రికి రాత్రి బయలుదేరి వచ్చే సమయంలో ఆ తలుపుల సంగతి ఎవరికీ గుర్తుండదు. అందుకే దుఃఖంలో ఉన్న తల్లిదండ్రులకు కాక, వారి వెంట వచ్చే బాబాయికో మేనమామకో ఈ పని అప్పగించాలి.

మొదట ఫిర్యాదులో ఇచ్చే నంబరు గురించి ఆలోచించండి. 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం, సున్నితమైన కేసులు మినహా ఎఫ్‌ఐఆర్‌లను పోలీసుల వెబ్‌సైటులో పెడతారు, వాటిలో ఫిర్యాదుదారు చిరునామా, ఫోన్ నంబరు ఉండవచ్చు. కాబట్టి బ్యాంకు ఖాతాకూ వాట్సాప్‌కూ ముడిపడిన నంబరు కాకుండా, వెంట వచ్చిన బంధువు పేరుమీదే ఉన్న మరో నంబరును ఇవ్వండి. ఆ నంబరును దర్యాప్తు ముగిసేదాకా మార్చకండి. కన్నడ, ఇంగ్లీషు, హైదరాబాదు ఛానళ్లు అన్నీ దానికే చేస్తాయి, అన్నింటికీ ఒక్కరే జవాబు చెబుతారు.

బాధితుల ఫోను మీ చేతికి దొరికితే, దాని లాక్ తీయడానికి ప్రయత్నించకండి, ఏదీ చెరపకండి, ముఖ్యంగా సిమ్‌ను తీసి వేరే ఫోనులో వేయకండి. ఆ సిమ్‌తో కొత్త ఫోనులో వాట్సాప్ తెరిస్తే అసలు ఫోనులోని ఖాతా లాగౌట్ అయిపోతుంది, సాక్ష్యం చెడిపోతుంది. ఫోనును పోలీసులకే ఇచ్చి, మహజరులో (పంచనామాలో) దాని మోడలు, ఫోనును గుర్తించే ఐఎంఈఐ సంఖ్య, ఇచ్చిన సమయం రాయించి, ఒక ప్రతి తీసుకోండి.

ఇక బతికి ఉన్నవారి ఫోన్లు. ప్రతి ఒక్కరి వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి, మీరు గుర్తుపట్టలేని కంప్యూటరు ఏదైనా కనిపిస్తే లాగౌట్ చేయండి. ఆ వెంటనే టూ స్టెప్ వెరిఫికేషన్‌లో ఆరంకెల పిన్ పెట్టండి. పుట్టిన సంవత్సరాలు, ఇంటి నంబర్లు ఈ సమయంలో పత్రికలలోనే వచ్చేస్తాయి కనుక అవి పనికిరావు. కాల్ సెట్టింగులలో కాల్ ఫార్వార్డింగ్ ఆపి ఉందో లేదో చూడండి. మీ కాల్స్ మరొకరికి మళ్లితే, ఓటీపీని ఫోన్ చేసి చదివి వినిపించే కాల్ కూడా అటే వెళుతుంది. ఒక కోడ్ డయల్ చేయించి కాల్స్ మళ్లించే మోసాలు పెరగడంతో 2024 ఏప్రిల్ 15 నుంచి ఆ పద్ధతిని నిలిపివేయాలని టెలికాం శాఖ ఆదేశించింది. అయినా ఒకసారి చూసుకోవడంలో పోయేదేమీ లేదు.

అయితే, నా అంచనాలో, హ్యాకింగ్ కన్నా ఎక్కువ నష్టం మనవాళ్ల చేతుల మీదుగానే జరుగుతుంది. పెళ్లి ఫొటో, కాలేజీ ఐడీ కార్డు, చివరిసారి పంపిన వాయిస్ మెసేజ్ బంధువుల గ్రూపులో పడితే గంటలోపే ఎవరో ఒక విలేకరికి చేరతాయి. పంపినవారికి ఏ దురుద్దేశమూ ఉండదు. "పాపం, ఎంత చక్కని పిల్లో చూడండి" అన్న బాధతోనే పంపుతారు. కాబట్టి పెద్దవారి చేత గ్రూపులో ఒకే మాట పెట్టించండి: "ఫొటోలు, ఆడియోలు ఎవరికీ పంపవద్దు, ఎవరడిగినా ఫలానా బాబాయి నంబరు ఇవ్వండి." "అమ్మా, స్టేషను నుంచి మాట్లాడుతున్నాం, మీ అమ్మాయి ఫొటో ఒకటి పంపండి" అని కాల్ వస్తే, పేరు, హోదా అడిగి రాసుకుని పెట్టేయండి, తరువాత మీరే స్టేషనుకు ఫోన్ చేసి కనుక్కోండి. నిజంగా పోలీసులే అయితే దీనికి నొచ్చుకోరు.

లైంగిక నేరాల విషయంలో చట్టం మరింత గట్టిగా ఉంది. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను కింద బాధితురాలి గుర్తింపు తెలిపే వివరాలను ప్రచురిస్తే రెండేళ్ల వరకు జైలు శిక్ష, జరిమానా ఉంటాయి. బాధితురాలు మరణించినా పేరు బయటపెట్టే హక్కు మీడియాకు రాదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. తల్లిదండ్రులు కెమెరా ముందు తమ పేర్లు చెప్పినా అమ్మాయి ఎవరో తెలిసిపోతుంది, అది గుర్తుంచుకోవాలి.

ఫోనులోకి ఎవరో చొరబడ్డారని అనుమానం వస్తే స్క్రీన్‌షాట్లు తీసుకుని, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా బెంగళూరులో మీ డివిజనులోని సైబర్ నేరాల (సెన్) పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వండి. ఐటీ చట్టం 66వ సెక్షను కింద ఇందుకు మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. పత్రిక రాతలపై అయితే ముందుగా సంపాదకుడికి లేఖ రాసి, ఆ ప్రతితో ప్రెస్ కౌన్సిల్‌ను ఆశ్రయించాలి. దినపత్రికలపై ఫిర్యాదుకు గడువు ప్రచురించిన నాటి నుంచి రెండు నెలలు. కౌన్సిల్ మందలించగలదే కానీ జరిమానా వేయలేదు, టీవీ ఛానళ్లు దాని పరిధిలోకి రావు. ఛానలుపై ఫిర్యాదును ప్రసారమైన ఏడు రోజులలోపు మొదట ఆ ఛానలుకే పంపాలి. జవాబు సరిగా లేకపోతే, అది వార్తా ప్రసారకుల సంఘంలో సభ్యత్వం ఉన్న ఛానల్ అయితే, ఎన్‌బీడీఎస్‌ఏ అనే ఆ సంఘపు ప్రమాణాల సంస్థకు వెళ్లవచ్చు.

బాధితుల నంబరును మాత్రం రీచార్జి చేస్తూ ఉండండి. సేవ ఆగిపోయిన నంబరును 90 రోజుల తరువాత కంపెనీ వేరేవారికి ఇవ్వవచ్చు, అప్పుడు ఆ నంబరుతో ముడిపడిన ఖాతాల ఓటీపీలు వారికి వెళతాయి. ఏడాదికో రెండేళ్లకో న్యాయస్థానంలో దరఖాస్తు పెట్టుకుంటే ఫోను తిరిగి ఇంటికి వస్తుంది. లాక్ తీయించడానికి దాన్ని ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకో మరో చోటికో తీసుకెళ్లాల్సి వస్తే, పని పూర్తయ్యేదాకా ఎదురుగానే కూర్చోండి, ఫోనును దుకాణంలో వదిలి రాకండి.