అమెరికా ప్రయాణం: కందిపొడి ఏ బ్యాగులో?

ఒక ఎయిర్‌పోర్టులో ల్యాప్‌టాప్ బయటికి తియ్యమంటారు, ఇంకోచోట లోపలే ఉంచమంటారు. సిబ్బంది ఇష్టారాజ్యం అనిపిస్తుంది గానీ, చాలాసార్లు తేడా మెషీన్‌ది. పాత ఎక్స్‌రేలో ల్యాప్‌టాప్ కింద ఏముందో సరిగ్గా కనబడదు. కొత్త సీటీ స్కానర్ బొమ్మను అన్ని వైపులా తిప్పి చూపిస్తుంది. అందుకే దారిలో అన్నిటికంటే కఠినమైన చెకింగ్‌కి తగ్గట్టు సర్దుకోండి. విమానం మారేచోట మళ్లీ తనిఖీ ఉంటే, "హైదరాబాద్‌లో వదిలేశారు" అన్న మాట చెల్లదు.

మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది పొడుల దగ్గర. అమెరికా వెళ్లే విమానంలో హ్యాండ్ బ్యాగులోని పొడి 350 మి.లీ. దాటితే, అంటే ఒక కూల్‌డ్రింక్ టిన్నంత ఉంటే, విడిగా పరీక్షిస్తారు. అదేమిటో తేలకపోతే అక్కడే వదిలెయ్యాలి. చూసేది బరువు కాదు, పరిమాణం. కందిపొడి, కారం, సున్నిపిండి అన్నీ చెకిన్ బ్యాగులో వేసెయ్యండి. పసిపిల్లల పాలపొడికి మినహాయింపు ఉంది.

ఆవకాయ, నెయ్యి కూడా చెకిన్‌లోకే. నూనె ఉన్నవి, ముద్దగా ఉన్నవి ద్రవాల కిందే లెక్క. 200 మి.లీ. సీసాలో అడుగున కొంచెమే ఉన్నా తీసేస్తారు, ఎందుకంటే 100 మి.లీ. పరిమితి సీసా సైజుకి.

పవర్‌బ్యాంక్ మాత్రం దీనికి పూర్తిగా రివర్స్: చెకిన్‌లో అస్సలు పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్-అవర్ల (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) లోపు పర్వాలేదు. 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నది సుమారు 74 వాట్-అవర్లు వస్తుంది. దాని మీద అంకెలు చెరిగిపోతే కెపాసిటీ తేల్చలేక తీసేసుకుంటారు, బయల్దేరే ముందే చూసుకోండి.