కేలేఅవుట్‌కి కొత్త కెపాసిటర్ నేర్పించడం ఎలా?

డిజిటల్ చిప్ లేఅవుట్ (చిప్ పొరల ఆకారాలు గీసిన నక్షా) రెడీమేడ్ బట్టల కొట్టు లాంటిది. నాండ్ గేటు కావాలంటే ర్యాక్‌లోంచి తీసుకోవడమే. అనలాగ్ అలా కాదు, అది కొలతలిచ్చి కుట్టించుకునే జాకెట్టు. ఒకరికి 1 పికోఫారడ్ కెపాసిటర్ కావాలి, ఇంకొకరికి 1.3 కావాలి, మూడోవాళ్లకి అచ్చం ఒకేలా ఉండే ఎనిమిది కావాలి. అందుకే లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లో అనలాగ్ కాంపొనెంట్‌కి సపోర్ట్ చేర్చడమంటే ఒక బొమ్మ గీసి లైబ్రరీలో పడేయడం కాదు. కొలతలు చెబితే కుట్టిపెట్టే దర్జీని లోపల కూర్చోబెట్టడం.

ఆ దర్జీకి ఇంకో విద్య కూడా రావాలి. కుట్టిన జాకెట్టుని చూసి, దాని కొలతలేమిటో తిరిగి చెప్పగలగాలి. చాలామంది మొదటి పని చేసి రెండోదాన్ని తర్వాత చూద్దాంలే అని వదిలేస్తారు. సాఫ్ట్‌వేర్ గీయగలదు గానీ గుర్తుపట్టలేకపోతే ఆ కాంపొనెంట్‌కి సపోర్ట్ ఉన్నట్టు కాదు. అందుకని ఈ వ్యాసంలో ఉల్టాగా వెళ్దాం. ముందు గుర్తుపట్టడం నేర్పిద్దాం, గీయడం తర్వాత.

ఉదాహరణకి కేలేఅవుట్ తీసుకుంటున్నాను. ఇది చిప్ లేఅవుట్లు గీసే సాఫ్ట్‌వేర్. ఉచితం, ఓపెన్ సోర్స్, లోపలే పైథాన్, రూబీ రెండూ నడుస్తాయి. పీడీకేగా (ఫ్యాక్టరీ ఇచ్చే లేయర్లు, రూల్సు, మోడళ్ల కట్ట) స్కై130 వాడదాం. అమెరికా కంపెనీ స్కైవాటర్ 130 నానోమీటర్ టెక్నాలజీకి సంబంధించిన ఈ పీడీకేని గూగుల్‌తో కలిసి 2020లో అందరికీ తెరిచిపెట్టింది. అంతకుముందు ఫ్యాక్టరీ రూల్సు చూడాలంటే సాధారణంగా ఎన్‌డీఏ (బయట చెప్పనని రాసిచ్చే ఒప్పందం) మీద సంతకం పెట్టాల్సిందే. ఇప్పుడు ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నిజమైన చిప్ లేయర్లతో ప్రయోగాలు చేయొచ్చు. మీకు కాస్త పైథాన్ వస్తే చాలు. లేఅవుట్, డీఆర్‌సీ (బొమ్మ ఫ్యాక్టరీ రూల్సు పాటిస్తోందా అనే పరీక్ష), ఎల్‌వీఎస్ (లేఅవుట్ సర్క్యూట్ బొమ్మతో సరిపోతోందా అనే పరీక్ష) అన్న మాటలు కొత్త కాకపోతే ఇంకా మంచిది.

మొదటి అడుగు: కాగితం మీద అడ్డంగా కోసి చూడండి

మనం చేర్చేది మిమ్ కెపాసిటర్. రెండు లోహపు పలకలు, మధ్యలో పల్చటి ఇన్సులేటర్. స్కై130లో కింది పలక మూడో మెటల్, అంటే మెట్3, లేయర్ నంబరు 70/20. దాని మీద ప్రత్యేకంగా వేసే పై పలక క్యాప్ఎం, నంబరు 89/44. పై పలకని అందుకోవడానికి నాలుగో మెటల్ (మెట్4, 71/20) నుంచి వయా3 (రెండు లోహపు పొరల్ని కలిపే నిలువు స్తంభం, 70/44) కిందికి దిగుతుంది.

ఈ కోత బొమ్మని చేత్తో గీయండి. కంప్యూటర్ వద్దు, పెన్సిల్ చాలు. ఎందుకంటే ఇక్కడే ఒక తిరకాసు ఉంది. మామూలుగా వయా3 పని మెట్3ని, మెట్4ని కలపడం. కానీ క్యాప్ఎం ఉన్నచోట అదే వయా క్యాప్ఎం మీదే ఆగిపోతుంది, మెట్3 దాకా వెళ్లదు. పైనుంచి చూస్తే మాత్రం రెండూ ఒకటే చతురస్రం. మనిషి కంటికి కోత బొమ్మలో తేడా తెలుస్తుంది, సాఫ్ట్‌వేర్‌కి మనం చెప్పాలి.

ఇంకో లెక్క కూడా కాగితం మీదే వేసుకోండి. ఈ కెపాసిటర్ సాంద్రత చదరపు మైక్రాన్‌కి సుమారు 2 ఫెమ్టోఫారడ్లు. 1 పికోఫారడ్ అంటే 1000 ఫెమ్టోఫారడ్లు కాబట్టి 500 చదరపు మైక్రాన్లు కావాలి, అంటే సుమారు 22.4 మైక్రాన్ల భుజంతో ఒక చదరం. చిప్ మీద అది పెద్ద స్థలమే. అంచుల దగ్గర కలిసే కొసరు కెపాసిటెన్స్ వల్ల నిజానికి చదరం ఇంకాస్త చిన్నదైనా సరిపోతుంది. ఆ కొసరు సంగతి మళ్లీ వస్తుంది.

రెండో అడుగు: గుర్తుపట్టే స్క్రిప్టు

కేలేఅవుట్‌లో ఎల్‌వీఎస్ స్క్రిప్టు రూబీలో రాస్తారు. కెపాసిటర్‌ని పట్టుకునే ఎక్స్‌ట్రాక్టర్ రెడీమేడ్‌గానే దొరుకుతుంది. దానికి ఒక పేరు, చదరపు మైక్రాన్‌కి ఎన్ని ఫారడ్లో ఒక అంకె, రెండు పలకల లేయర్లు ఇవ్వాలి. ఫెమ్టో అంటే పది మైనస్ పదిహేనో ఘాతం, అక్కడ సున్నాలు తప్పితే మొదటికే మోసం. పై పలకగా క్యాప్ఎం, కింది పలకగా మెట్3 ఇస్తే, రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డచోటల్లా వైశాల్యం కొలిచి కెపాసిటర్‌గా రాసుకుంటుంది. ఒకే మెట్3 పలక మీద రెండు క్యాప్ఎం ముక్కలుంటే రెండు కెపాసిటర్లుగానే వస్తాయి, కింది కాలు (టెర్మినల్) మాత్రం ఉమ్మడి.

తర్వాత ఏది దేనికి తగులుతుందో చెప్పే కనెక్ట్ వాక్యాలు. ఇక్కడ వయా3ని రెండుగా విడగొట్టాలి. క్యాప్ఎం లోపల పడ్డ వయాలు ఒక లేయరు, బయట ఉన్నవి ఇంకో లేయరు. లోపలి వయాలు క్యాప్ఎంని మెట్4కి కలుపుతాయి. బయటి వయాలు మెట్3ని మెట్4కి కలుపుతాయి. క్యాప్ఎంకీ మెట్3కీ మధ్య కనెక్ట్ వాక్యం ఎప్పుడూ రాయకండి, ఆ రెండింటి మధ్య ఉన్నదే కదా మన కెపాసిటర్.

నేను మొదటిసారి చేసినప్పుడు ఈ విడగొట్టడం మర్చిపోయాను. అంతకుముందు డిజిటల్ బ్లాకులకి రాసుకున్న స్క్రిప్టులోంచి వయా3 లైను కాపీ చేసి పెట్టేశాను. కెపాసిటర్ దొరికింది, విలువ కూడా సరిగ్గానే ఉంది, కానీ రెండు కాళ్లూ ఒకే నెట్‌లో (ఒకదానికొకటి తగిలి ఉన్న తీగల గుంపులో)! లేఅవుట్‌లో షార్ట్ ఎక్కడుందా అని రెండు గంటలు జూమ్ చేసుకుంటూ వెతికాను. లేఅవుట్‌లో ఏమీ లేదు. షార్ట్ స్క్రిప్టులో ఉంది. మీకూ రెండు కాళ్లు ఒకే నెట్‌లో కనబడితే ముందు ఈ లైను చూడండి.

ఇప్పుడు పరీక్షకి చేత్తో నాలుగు చదరాలు గీయండి: మెట్3, దాని లోపల క్యాప్ఎం, దాని లోపల ఒక వయా, పైన మెట్4. స్క్రిప్టు నడిపితే ఒక కెపాసిటర్, రెండు వేర్వేరు నెట్లు రావాలి. అది వచ్చేదాకా గీసే పని, అంటే కింద వచ్చే పీసెల్ జోలికి వెళ్లొద్దు.

మూడో అడుగు: గీసే పీసెల్

పీసెల్ అంటే పారామీటర్లు మారిస్తే తనను తాను మళ్లీ గీసుకునే సెల్. కేలేఅవుట్‌లో ఎఫ్5 నొక్కితే మాక్రో విండో తెరుచుకుంటుంది, అందులో పైథాన్ వైపు కొత్త మాక్రో మొదలుపెట్టండి. పీసెల్ డిక్లరేషన్ హెల్పర్ అనే రెడీమేడ్ క్లాస్ ఉంది, దాన్నుంచి మన క్లాస్ తీసుకుంటే సగం పని తప్పుతుంది. మనం రాయాల్సినవి ముఖ్యంగా మూడు: పారామీటర్ల జాబితా, ఇచ్చిన కొలతల్ని సరిదిద్దే ఫంక్షన్, గీసే ఫంక్షన్.

పారామీటర్లు తక్కువ పెట్టండి. వెడల్పు, పొడవు చాలు. వాటి పక్కన కెపాసిటెన్స్‌ని చూడ్డానికి మాత్రమే, మార్చడానికి వీల్లేకుండా, రీడ్ ఓన్లీగా చూపించండి. వాడేవాళ్లకి అదే పెద్ద సాయం. ఉన్న ఆప్షన్లన్నీ పారామీటర్లుగా పెట్టిన పీసెల్స్ చూశాను, ఇరవై గళ్లు నింపేలోపు చేత్తో గీసేయొచ్చు.

సరిదిద్దే ఫంక్షన్ చిన్నదే గానీ అసలు తెలివి దానిదే. స్కై130లో ప్రతి మూలా 5 నానోమీటర్ల గ్రిడ్ మీద పడాలి. బొమ్మని మధ్యబిందువు నుంచి గీస్తే వెడల్పులో సగం అటు, సగం ఇటు పోతుంది. వెడల్పు 5.005 మైక్రాన్లు ఇచ్చారనుకోండి, అది గ్రిడ్ మీదే ఉంది. సగం చేస్తే 2.5025, గ్రిడ్ తప్పింది. కాబట్టి వెడల్పుని, పొడవుని 5 కి కాదు, 10 నానోమీటర్ల గుణిజానికి సవరించాలి. లేదా ఎడమ కింది మూల నుంచి గీయండి, అప్పుడు 5 సరిపోతుంది. కనీస కొలత కన్నా తక్కువ ఇస్తే అక్కడే పెంచేయండి. ఆ కనీస కొలతలు పీడీకే రూల్ మాన్యువల్లోంచి చూసి, ఫైలు మొదట్లో పేర్లు పెట్టి రాసుకోండి. కోడ్ మధ్యలో ఉత్త అంకెలు పడేస్తే ఆర్నెల్ల తర్వాత మీకే అర్థం కావు.

గీసే ఫంక్షన్‌లో నాలుగు పనులు. క్యాప్ఎం చదరం. రూలు అడిగినంత అంచు వదిలి దాని చుట్టూ మెట్3, ఒక పక్క మాత్రం ఇంకాస్త ముందుకి, కింది కాలు అందుకోవడానికి. క్యాప్ఎం లోపల వయా3ల వరసలు. వాటి మీద మెట్4. ముందుకి జరిపిన మెట్3 మీదికి ఈ మెట్4 రాకుండా చూసుకోండి.

వయాల లెక్క దగ్గర ఆగుదాం. వయా3 భుజం 0.2 మైక్రాన్లు, రెండు వయాల మధ్య ఖాళీ 0.2. అంచు నుంచి 0.14 వదలాలనుకుందాం. వెడల్పు 5 మైక్రాన్లయితే, రెండు వైపులా అంచు తీసేస్తే 4.72 మిగిలింది. చివరి వయా తర్వాత ఖాళీ అక్కర్లేదు కాబట్టి ఒక 0.2 కలపండి, 4.92. దాన్ని 0.4తో భాగిస్తే 12.3, అంటే 12 వయాలు. ఈ లెక్కని మైక్రాన్లలో, దశాంశాలతో చేస్తే ఎప్పుడో ఒకసారి సరిగ్గా 12 రావాల్సింది 11.9999999 అయి, ఒక వయా మాయమవుతుంది. డీఆర్‌సీ కూడా ఏమీ అనదు, ఎందుకంటే వయా తక్కువైతే రూలు తప్పినట్టు కాదు. అందుకే లోపలికి రాగానే అన్నీ డేటాబేస్ యూనిట్లలోకి (ఇక్కడ ఒక యూనిట్ అంటే 1 నానోమీటర్), పూర్ణాంకాల్లోకి మార్చేసి, 4920ని 400తో పూర్ణాంక భాగహారం చేయండి. మిగిలిన ఖాళీని రెండు పక్కలా పంచేటప్పుడు మళ్లీ గ్రిడ్‌కి సవరించడం మర్చిపోకండి.

నాలుగో అడుగు: లైబ్రరీలో పెట్టడం

ఇది తేలిక. లైబ్రరీ క్లాస్ ఒకటి రాసి, దాని లేఅవుట్‌లో పీసెల్‌ని రిజిస్టర్ చేసి, లైబ్రరీకి పేరు పెట్టాలి. టెక్నాలజీ పేరు కూడా జత చేస్తే స్కై130 ఫైళ్లు తెరిచినప్పుడే జాబితాలో కనబడుతుంది. కోడ్ మార్చి మాక్రో మళ్లీ రన్ చేస్తే అదే పేరుతో కొత్త లైబ్రరీ పాతదాని చోట కూర్చుంటుంది, ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ మూసి తెరవక్కర్లేదు.

ఐదో అడుగు: స్కీమాటిక్ భాష అర్థం చేయించడం

ఇక్కడ చాలామంది తల పట్టుకుంటారు. లేఅవుట్ నుంచి వచ్చింది కెపాసిటర్, దానికి విలువ ఉంది. స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ) వైపు స్పైస్ నెట్‌లిస్టులో (ఏ భాగం దేనికి కలుస్తుందో రాసిన జాబితాలో) అదే కెపాసిటర్ మామూలు ‘సి’ లైనుగా ఉండదు. సబ్‌సర్క్యూట్ (విడిగా రాసిపెట్టిన చిన్న సర్క్యూట్) పిలుపుగా, వెడల్పు, పొడవు పారామీటర్లతో వస్తుంది. కేలేఅవుట్ దాన్ని ఏదో సబ్‌సర్క్యూట్ అనుకుంటుంది, పోల్చడం కుదరదు.

మందు ఉంది. స్పైస్ రీడర్‌కి డెలిగేట్ అనే సహాయకుణ్ణి రాసి తగిలించవచ్చు. ఆ మోడల్ పేరు ఎదురైతే ‘ఇది సబ్‌సర్క్యూట్ కాదు, కెపాసిటర్’ అని చెప్పి, వెడల్పు, పొడవుల నుంచి విలువ లెక్కకట్టి డివైజ్‌గా చేర్చడం దాని పని. గుణకం (ఒకేలాంటివి ఎన్ని అనే అంకె) ఉంటే దాంతో గుణించాలి. లెక్క మాత్రం ఎక్స్‌ట్రాక్టర్ వాడినదే, అంటే వైశాల్యం గుణించు సాంద్రత, అంతే. అంచుల కొసరుని ఇక్కడ కలిపారా, రెడీమేడ్ ఎక్స్‌ట్రాక్టర్‌కి అది తెలియదు కాబట్టి రెండు వైపులా విలువలు కలవవు. ఎల్‌వీఎస్‌ పని గీసిన కొలతలు స్కీమాటిక్ కొలతలతో సరిపోయాయా అని చూడడం. అసలు ఫారడ్ల లెక్క సిమ్యులేషన్ మోడల్ చూసుకుంటుంది. పీసెల్ డైలాగులో చూపించే విలువలో మాత్రం కొసరు కలిపితే మంచిది, డిజైనరుకి కావాల్సింది అదే.

సమాంతరంగా కలిపిన యూనిట్ కెపాసిటర్లు (ఒకే కొలతలో ఉన్న చిన్న ముక్కలు) ఉంటే, పోల్చే ముందు రెండు నెట్‌లిస్టుల్లోనూ వాటిని కలిపేయమని చెప్పండి. ఒక వైపే కలిపితే ఒకటి, నాలుగు అంటూ గొడవ. చివరి అంకెల తేడాలకి కొంచెం టాలరెన్స్ ఇవ్వండి. మరీ ఉదారంగా వద్దు, 5 శాతం ఇస్తే 3 శాతం తప్పు గీసినా పాసైపోతుంది.

ఆరో అడుగు: కావాలని చెడగొట్టడం

ఒక టెస్ట్ లేఅవుట్‌లో కనీస కొలత, బేసి కొలత, పొడుగాటి సన్నటిది, పెద్దది వరసగా పెట్టి డీఆర్‌సీ, ఎల్‌వీఎస్ నడపండి. అన్నీ పాసైతే సంతోషమే. ఆగకండి. ఒక కాపీలో క్యాప్ఎంని అర మైక్రాన్ కోసేయండి. ఇంకోదాంట్లో కింది కాలు వయాలు తీసేయండి. మూడోదాంట్లో మెట్4ని పక్కకి లాగి రెండు కాళ్లూ కలిపేయండి. ఈ మూడూ ఫెయిలవ్వాలి. ఒక్కటి పాసైనా మీ ఎల్‌వీఎస్ నిద్రపోతోందని అర్థం. ఈ ఫైళ్లన్నీ దాచుకుని స్క్రిప్టు మార్చినప్పుడల్లా నడపండి.

ఒకేలాంటి ఎనిమిది కావాలన్నవారి సంగతి చెప్పలేదు. వాళ్లకి పెద్ద కెపాసిటర్‌ని ఒకే ముక్కగా ఇవ్వకండి. యూనిట్ పీసెల్‌ని పిలిచి వరసలు పేర్చే ఇంకో పీసెల్ రాసి, చుట్టూ ఉత్తుత్తి డమ్మీ యూనిట్లు పెట్టండి, అంచున ఉన్నవాటికీ మధ్యలో ఉన్నవాటికీ పరిసరాలు ఒకేలా ఉండటానికి. డమ్మీల రెండు కాళ్లూ గ్రౌండ్‌కి కట్టేయండి. స్కీమాటిక్‌లో వాటిని చూపించకపోతే ఎల్‌వీఎస్ అదనపు డివైజులున్నాయని అరుస్తుంది, అరిచిందంటే సరిగ్గా పనిచేస్తున్నట్టే.

ఫైలు ఎవరికైనా పంపేముందు పీసెల్స్‌ని స్టాటిక్ సెల్స్‌గా మార్చిన కాపీ పంపండి. మీ పైథాన్ కోడ్ అవతలివాళ్ల దగ్గర లేకపోతే పారామీటర్లు మార్చడం ఎలాగూ కుదరదు. మార్చగలిగే అసలు ఫైలు, కోడ్‌తో పాటు మీ దగ్గరే ఉంచుకోండి.